కనుమ మీద గేటు

మా కొండల గురించి పుస్తకాలకేం కొదవ లేదు. ఏ శిఖరం ఎంత ఎత్తో, ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, ఏ రాజు సైన్యం ఏ కనుమలో మంచుకు కొయ్యబారిపోయిందో అన్నీ రాశారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టేశారు: "ఇక్కడి ప్రజలు కష్టజీవులు, అమాయకులు." కష్టజీవులంటే ఒప్పుకుంటాను. అమాయకులట! ఆ రాసినాయన మా మేనత్తను చూడలేదు. చూసి, ఆమెతో ఒక్క పూట మాట్లాడి ఉంటే ఆ మాట తనే కొట్టేసుకునేవాడు. వాళ్లు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఊళ్లో అందరూ ఆమెను గునపమ్మ అనేవాళ్లు. గునపం వంగదు, దిగినచోట రాయి కదలాల్సిందే, అందుకని. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, చాటుగానే. ఆవిడకు తెలియదా అంటే, బాగా తెలుసు. "పోనీలెండి, గరిటె అనలేదు" అని నవ్వేది. ఆ నవ్వు కూడా వీధి చివరిదాకా వినపడేది.

మా ఊరు లోయకు నీడ వైపున ఉంది. ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోతుంది, కాళ్లు కడుక్కోకుండానే లేచిపోయే చుట్టంలాగా. కింద నది, నది పక్కన రోడ్డు, రోడ్డు మీద ఊరు, ఊరి పైన మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు, వాటిపైన అడవి, ఆ పైన చెట్టూ చేమా లేని రాయి. ఆ రాతి నెత్తిన కనుమ. కనుమ దాటితే లోకమే వేరు: పొద్దస్తమానం ఎండ, మోకాలెత్తు గడ్డి. గడ్డి అవతల, గొర్రెలు ఇవతల. మా చరిత్రంతా ఇంతే. ఆ కనుమ కోసం ఎందరో రాజులు కొట్టుకు చచ్చారు. ఎవడు గెలిచినా మావాళ్లు అడిగింది ఒక్కటే, వేసవిలో మందను దాటనిస్తావా లేదా అని. గెలిచినవాడల్లా సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు, మా ఉన్ని లేకపోతే వాడి సైన్యం చలికి వణికి చచ్చేది. అలా ఒక ఒప్పందం నిలిచిపోయింది. మంద నడిచినంతకాలం బాట మందది. ఏదో ఒక వేసవి మంద నడవలేదంటే, ఆ ఏడుతో హక్కు పోయినట్టే.

ఇళ్లన్నీ ఒకే తీరు. కింద గొర్రెల కొట్టం, పైన వంటిల్లు, పడక. చలికాలంలో గొర్రెల వెచ్చదనం నేల చెక్కల సందుల్లోంచి పైకొచ్చేది. వాసన కూడా వచ్చేదనుకోండి. మేం దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు, పట్నం చుట్టాలు మాత్రం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని మర్యాదగా నవ్వేవాళ్లు.

అత్తకు పెళ్లి చేసి నది దిగువ ఊరికి పంపారు. అప్పగింతల ఏడుపు మా నానమ్మ ఇంకా ఆపలేదు, ఈవిడ పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసింది. "ఏమైందే తల్లీ?" అని తాత కంగారుపడితే, "ఆ ఇంట్లో ఆడవాళ్లు పైకి నవ్వకూడదట. నాకా మాటకే నవ్వొచ్చింది. వచ్చేశాను" అంది. తాత నెత్తి పట్టుకున్నాడు. మర్నాడు తెల్లారేసరికి తాత కర్రా లేదు, మందా లేదు, కూతురూ లేదు. ఆడది మందను తోలడమేమిటని పెద్దలంతా కూర్చుని పంచాయితీ పెట్టారు. సాయంత్రం మందతో పాటు దిగొచ్చి, వాళ్ల మధ్యలోంచే గొర్రెలను తోలుకుంటూ, "గొర్రెలకు లేని అభ్యంతరం మీకెందుకు బాబాయ్?" అని కొట్టంలోకి వెళ్లిపోయింది. పెద్దలు బట్టలు దులుపుకుని లేచారు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మందను పెంచడంలో అత్తకో పద్ధతి ఉంది. పిల్ల పాలు మరిచినప్పటి నుంచి అరచేతిలో ఉప్పు పెట్టి నాకించేది. ఉప్పు పెట్టే ప్రతిసారీ ముందు నడిచే పొట్టేలు మెడలోని గంటను కదిపేది. గంట మోగిందంటే ఉప్పు ఉన్నట్టే అని గొర్రెకు నెత్తురులో ఇంకిపోవాలి. కనుమ మీద పొగమంచు కమ్మితే మన చెయ్యి మనకే కనపడదు, కుక్క అరుపు గాలికి కొట్టుకుపోతుంది. అప్పుడు మందను కాచేది ఆ గంటే. అందుకే మా ఊళ్లో పిల్లలకు మాటలు రాగానే చెప్పే మొదటి సంగతి, పొట్టేలు గంట మీద చెయ్యి వెయ్యకూడదని. వేస్తే వీపు చిట్లిపోయేది.

తర్వాత రోడ్డొచ్చింది. బస్సొచ్చింది. మిల్లు కంబళ్లొచ్చాయి. ఒక్కొక్క ఇంట్లో మంద తరిగి, చివరికి కనుమ దాటేది మాదొక్కటే మిగిలింది. అప్పుడు దిగింది కంపెనీ. కనుమ మీద చదును చేసి, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం గదులు కట్టడం మొదలుపెట్టింది. కొలతలు తీసే కుర్రాడొకడు మూడు కాళ్ల యంత్రాన్ని సరిగ్గా బాట మధ్యలో నిలబెట్టాడు. అత్త మందతో వచ్చి ఆగింది. "అబ్బాయ్, నీ మూడు కాళ్లూ నీ రెండు కాళ్లూ కాస్త పక్కకు తీసుకో. నా వెనక చాలా కాళ్లున్నాయి" అంది. వాడు తీశాడు. కంపెనీ తీయలేదు. బాటకు అడ్డంగా ఇనప గేటు పెట్టింది. ఊరు కోర్టుకెక్కింది. కోర్టు పాత ఒప్పందాన్నే ఖాయం చేసింది: మంద నడిచే వేసవిలో గేటు తీయాలి, ఏ వేసవి నడవకపోతే ఆ వేసవితో సరి. కంపెనీ మేనేజరు ఆ తీర్పు విని చిరునవ్వు నవ్వాడు. ఒక ముసలామె, ఒక మంద. ఎన్నాళ్లు నడుస్తుందిలే అనుకున్నాడు.

ఆ చలికాలం చివర్లో అత్త మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. పట్నం ఆసుపత్రిలో చేర్చాం.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన అత్తకు తమ్ముడు. మెత్తటి మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు ఏం చెప్పినా "అలాగే సార్" అంటాడు. అక్కతో పాటు ఏళ్ల తరబడి కొండలెక్కి మోకాళ్లు అరిగిపోయాయి. ఆ రోజుల్లో మేనేజరు మా వంటింటికి వచ్చాడు. పొయ్యి పక్కన కూర్చుని, టీ తాగి, "ఆ కాలుతో మీ అక్కగారిని ఇంకా కొండలెక్కిస్తారా? తమ్ముడై ఉండి మీకు మనసెలా వస్తుందండీ?" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడనుకున్నారు! నాన్నకు ఆ రాత్రి నిద్ర లేదు. అక్క తిరిగొచ్చేలోగా మంద అమ్మేశాడు. బయటి బేరగాళ్లు ఆ మంచులో రాలేదు. ఊళ్లోవాళ్లే పాలకో ఉన్నికో ఇంటికో రెండు కొనుక్కుని కట్టేసుకున్నారు. మిగిలింది గంట పొట్టేలు. ముసలిది, పళ్లూడిపోయాయి, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. మంద పోయాక గంటెందుకని నాన్న విప్పబోయాడట, చేతులు రాలేదట. పొట్టేలు గంట మీద చెయ్యి వెయ్యకూడదు కదా! మంద అమ్మి గంట వదిలేయడమనే పొరపాటు మా ఊళ్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు.

అత్త బస్సు దిగి, కర్ర పొడుచుకుంటూ మేడ ఎక్కకుండా నేరుగా కొట్టంలోకి వెళ్లింది. తర్వాత ఒక్కొక్క మెట్టూ ఎక్కి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మందేదిరా?"

"ముందు కూర్చో అక్కా. టీ తాగు."

"టీ నీ నెత్తిన పోసుకో. మందేది?"

"అమ్మేశాను. నీ కోసమే అక్కా... ఆ కాలుతో ఇంక నువ్వు..."

"కాలు విరిగితే అతుక్కుంటుంది. బాట పోతే ఎవడతికిస్తాడురా? నువ్వా? నీకు టీ తాగించుకుపోయిన ఆ మేనేజరా?"

"నేనే ఇచ్చాను టీ" అన్నాడు నాన్న నేల చూస్తూ. అలాంటి మనిషాయన. "అందరూ అంటున్నారక్కా, పైన పనులు దొరుకుతాయట. పిల్లలు గదులూడ్చుకుని హాయిగా బతుకుతారట."

"ఊడవనీ. ఊడవడం తప్పేం కాదు. కానీ మన కొండ మనం ఎక్కాలంటే వాడి గేటు దగ్గర నిలబడి 'అయ్యా, బాబూ' అనాలా? నది పొంగి రోడ్డు కొట్టుకుపోయినప్పుడు మనకు ఇంకో దారుందా? చెప్పరా!"

పాపం నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అమ్మే ముందు నన్నైనా ఒక్క మాట అడగలేదు. అప్పటికి నేను ఆ ఇంట్లోనే బట్టలు కుట్టి బతుకుతున్న పెద్దదాన్ని, ఆటలాడుకునే పిల్లను కాదు.

గడ్డి మొలిచే వేళయింది. ఈ ఏడు మంద లేదు కాబట్టి గేటుకు శాశ్వతంగా తాళం పడుతుందని పైనుంచి కబురొచ్చింది. అత్త ఆ కబురు విని కంబళి మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికత్తా?"

"ఎక్కడికేమిటే? కనుమకి. పొట్టేలుంది కదా."

"ఒక్క పొట్టేలు మందవుతుందా?"

"కాదని వాడు చెప్పనీ. నేను నడవకుండానే వాడి తరఫున నేనెందుకు చెప్పాలి?"

కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, ఆ కంబళి నా భుజాన వేసుకున్నాను.

తెల్లవారుతుండగా బయల్దేరాం. పొట్టేలుకు అసలు ఇష్టం లేదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, అత్త దాని వెనక కర్రతో పొడుస్తుంది. రాతి మెట్ల వీధిలో గంట టంగు టంగుమంటోంది. కమ్మరి ఇంటి ముందుకొచ్చామో లేదో, కొట్టంలోంచి "బే" అని ఒక అరుపు. పక్కింట్లోంచి ఇంకోటి. మా ఊళ్లో కొట్టాలకు తాళాలుండవు, మేకుకు తాడు తగిలిస్తారు, అంతే. తలుపు మీద ధడేలుమని తల కొట్టిన చప్పుడైంది, తాడు తెగింది, కమ్మరి గొర్రెలు వీధిలోకి దూకాయి. ఆ తర్వాత చూడాలి! ప్రతి ఇంటి కిందా అదే గోల. అమ్మేసిన గొర్రెలన్నీ మెట్ల మీద పడి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉప్పు కోసం వచ్చేస్తున్నాయి.

ఇదంతా గునపమ్మ ముందే పన్నిన ఎత్తు అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నిజంగానే బిత్తరపోయింది. "పోండే, పోండి! మీకిప్పుడు వేరే ఇళ్లున్నాయి, వెళ్లండే!" అని కర్ర ఊపుతూ కసిరింది. అవి వింటేనా! దాని మూతి దీని వీపు మీద, దీని మూతి అత్త చీర కుచ్చిళ్లలో. కసురుతూ కసురుతూనే ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత వెనక్కి తిరగలేదు, అది వేరే సంగతి.

ఊరి చివర దాటేసరికి వెనక కేకలు. కమ్మరి పరుగెత్తుకొస్తున్నాడు, బనీను మీద, ఒక కాలికే చెప్పు. వెనక కిరాణా కొట్టు పిన్ని, చేతిలో గరిటెతో. ఇంకా ఎవరెవరో.

"ఓ గునపమ్మా! పట్టపగలు దొంగతనమా?" అన్నాడు కమ్మరి. ఆ పేరు ఆమె మొహం మీద అనడం అదే మొదలు.

"నేను పిలిచానా? నీ గొర్రె నీ మాట వింటే పట్టుకుపో."

పట్టుకోబోయాడు కానీ అప్పటికే మంద కొండ ఇరుకులో పడింది. ఒక పక్క బండ, ఒక పక్క నది దాకా లోతు. అక్కడ మందను వెనక్కి తిప్పితే ఒకదాన్నొకటి తోసుకుని లోయలో పడతాయి. కనుమ మీది చదునులోనే తిప్పాలి. మా ఊళ్లో ఇది తెలియనివాడు లేడు. కమ్మరి పళ్లు నూరి, "పైకెక్కాక నీ సంగతి చెప్తా" అని వెనకే నడిచాడు.

అత్త కుంటుతోంది. మడమ దగ్గర వాచింది. అదే ఆవిడ ఆఖరుసారి కొండెక్కడం. బతికినన్నాళ్లూ ఆ కాలు మళ్లీ ఎక్కనివ్వలేదు. అది ఆ రోజే ఆవిడకు తెలిసిపోయిందని నా అనుమానం, ఎందుకంటే ప్రతి మలుపులోనూ ఆగి కిందికి చూసింది. ఒకసారి అలా ఆగితే వెనకనుంచి కమ్మరే, "ఏమిటా ఆగడం? నడు, నడు!" అని అరిచాడు. తిట్టడానికి వచ్చినవాడు తోలడం మొదలుపెట్టాడని అతనికి తెలియలేదు. కాసేపటికి తిట్లు కూడా తగ్గాయి, ఊపిరి చాలక. ఆ వచ్చినవాళ్లలో చాలామంది చిన్నప్పటి తర్వాత ఆ దారి ఎక్కింది లేదు. కొట్టు పిన్ని ఒక బండను చూపించి, తన తాత అక్కడే కూర్చుని చుట్ట కాల్చేవాడని నాకు చెప్పింది.

కనుమ మీదికి చేరాం. పూర్వం అక్కడ కాపరుల రాతి గుడిసె ఉండేది. పొగమంచులో చిక్కుకున్నవాళ్లంతా తలదాచుకుని వండుకునే చోటు. దాని నాలుగు గోడలూ మా తాతల చేతుల మీద లేచినవే. కమ్మరి గుడిసె కోసం చూశాడు. గుడిసె లేదు. గేటుకు అటూ ఇటూ దిట్టమైన రాతి స్తంభాలున్నాయి. దగ్గరికెళ్లి వేలితో గీరాడు. రాళ్లకు మసి.

"ఇది మా తాత వండుకున్న మసి" అన్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తానే.

కాపలావాడు గేటు వెనక నిలబడి తాళంచెవుల గుత్తి పట్టుకుని బెల్లంకొట్టిన రాయిలా చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా మేనేజరు ఆఫీసులోంచి వచ్చాడు.

"ఏమిటీ ఊరేగింపు?" అని కమ్మరి వైపు తిరిగాడు. "మీ గొర్రెల్ని ఈవిడ తోలుకొచ్చేసింది, అంతే కదా? ఒక్క మాట అనండి, మిగతాది నేను చూసుకుంటాను."

కమ్మరి పైకెక్కింది ఆ మాట అనడానికే. ఇప్పుడేమో నోరు విప్పడు, స్తంభం మీంచి చెయ్యి తీయడు. మేనేజరు అత్త వైపు తిరిగాడు.

"మీరు చెప్పండమ్మా. ఈ మంద మీదేనా?"

నాదే అంటే చాలు.

"నాది ఈ ముసలి పొట్టేలొక్కటే" అంది అత్త. "మిగతావి అమ్ముడుపోయాయి."

నాకు అక్కడే నేలకేసి తల కొట్టుకోవాలనిపించింది. జన్మంతా పంచాయితీలనూ పెద్దలనూ నోటితో గెలిచిన మనిషి, నిజం చెప్పడానికి ఇదా సమయం? కానీ ఆమెను చూస్తే తెలిసింది, ఆ బాటను అబద్ధంతో దక్కించుకోవడం ఆమెకిష్టం లేదు. మేనేజరు మొహం విప్పారింది. "అయితే మంద లేనట్టే. వీళ్ల గొర్రెలు వీళ్లు తీసుకెళతారు. తాళం అలాగే ఉండనీ" అన్నాడు కాపలావాడితో.

అప్పుడు వచ్చాడు నాన్న. అందరికంటే వెనక, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, రొప్పుతూ.

"రండి, రండి, సమయానికొచ్చారు" అన్నాడు మేనేజరు. "మీరే చెప్పండి. మంద అమ్మేశారా, లేదా?"

"అమ్మేశాను సార్."

"విన్నారుగా!"

"ఊరికి అమ్మాను సార్." నాన్న చెయ్యి పైకెత్తి ఒకసారి మందంతా చూపించాడు. "ఒక్కటి కూడా బయటికి పోలేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇదివరకు మా అక్క మంద, ఇప్పుడిది ఊరి మంద. మంద నడిచొచ్చింది. గేటు తియ్యండి సార్."

"ఊరి మందా? ఎవరన్నారు ఆ మాట?"

"నేనన్నా" అన్నాడు కమ్మరి, ఒంటి చెప్పుతో ముందుకొచ్చి. "నా గొర్రెను నేనే తోలుకొచ్చా. తోలాలనిపించింది, తోలుకొచ్చా. మీకేమిటంట?"

"నేనూ అంతే" అంది కొట్టు పిన్ని. "గరిటె కూడా తెచ్చుకున్నాను, అవతల వండుకోవద్దూ?"

ఆ వెనకనుంచి ఇంకో గొంతు, ఇంకో గొంతు. మేనేజరు నోరు తెరిచేలోపే తాళం ఊడిన చప్పుడైంది. కాపలావాడు గేటు లాగి పక్కకు నిలబడ్డాడు. "కోర్టు మాట సార్" అన్నాడు తల వంచుకుని, కానీ నవ్వు దాచుకోలేకపోయాడు.

మంద దాటింది. ఆఖరి గొర్రె దాటేదాకా అత్త స్తంభాన్ని పట్టుకుని నిలబడే ఉంది. తర్వాత కర్ర కింద పెట్టి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఇంకొకరి మీద ఆనుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. "ఇన్నాళ్లకు నోరొచ్చిందిరా నీకు" అంది. ఇద్దరూ కుంటుతూ గేటు దాటుతున్నారు.

"ఈ ఏడు అయిందనిపించుకున్నారు" అన్నాడు మేనేజరు వెనకనుంచి, కోపంతో గొంతు కీచుపోయి. "ఆ కాలుతో వచ్చే ఏడు ఎలా ఎక్కుతుందో నేనూ చూస్తాను!"

"నా కాలు చూసుకుంటూ కూర్చో నాయనా" అంది అత్త, తిరక్కుండానే. "నీ గేటు దాటాల్సింది నా కాలొక్కటే కాదు."

నాన్న మాత్రం ఆగి వెనక్కి తిరిగాడు. ఎప్పటిలాగే చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే మర్యాదగా నిలబడ్డాడు.

"ఆ తాళంచెవి ఎక్కడో పెట్టి మర్చిపోకండి సార్" అన్నాడు. "మంచు పడేలోగా తిరిగొస్తాం."